పదును కూలి

హేమావతి కుందుర్పి నుంచి బస్సెక్కి, బుక్కరాయసముద్రం దాటినాక తాడిపత్రి రోడ్డు పక్కనున్న శెనక్కాయల మిల్లులో ఉద్యోగానికి వచ్చిన రోజు యశోదమ్మ ఆ పిల్లకు కుర్చీ చూపించలేదు. కంప్యూటర్ చూపించింది. దాని మీద ఎర్రటి జాకెట్టు గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీస్తే మానిటరు నుదుటికి పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. మౌసు వీపు మీద కూడా చిన్న బొట్టు ఉంది.

“ముప్పై ఐదు వేలు పోసి కొన్నాము పాపా,” అంది యశోదమ్మ. మిల్లుకు యజమానురాలు ఆమే. నడుముకు తాళాల గుత్తి, చేతిలో రెండు సెల్‌ఫోన్లు, నోట్లో వక్కపొడి. “బెంగళూరు నుంచి కంపెనీ మనిషి వచ్చి జీతాల సాఫ్ట్‌వేర్ ఎక్కించి పోయినాడు. ఇంక తప్పు అనేదే రాదన్నాడు. ఈ నెల జీతాలు దీంట్లోనుంచి రావల్ల. ఒక్కరు కూడా అరవకూడదు. ఒక్కరంటే ఒక్కరు అరిచినా నువ్వు మల్లా కుందుర్పి బస్సు ఎక్కల్ల. ఎవురూ అరవకపోతే ఉద్యోగం నీదే. నెలకు పదహైదు నూర్లు. సరేనా?”

హేమావతి తలూపింది. ఆ పిల్ల దేనికైనా ముందు తలూపేది, ఆలోచన తర్వాత వచ్చేది. ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడితే గొంతు ఎక్కడికో దిగిపోయేది. ఇంట్లో అమ్మను మంచినీళ్ళు అడగడానికి కూడా చెంబు చూపించేది.

కానీ ఈ ఉద్యోగం మాత్రం ఆ పిల్లకు కావాలి. వాళ్ళ నాయన ఓబుళేసు రెండు పొట్టేళ్ళు అమ్మి కళ్యాణదుర్గంలో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చెప్పించాడు. ఇక్కడ నిలబడకపోతే ఊరికి పోయి మిగిలిన గొర్రెల వెంట తిరగాలి. గొర్రెల మీద హేమావతికి కోపమేమీ లేదు. కానీ వాటి వెనక నడుస్తూ నడుస్తూ నేర్చుకున్న విద్య అంతా మరిచిపోతానేమో అని భయం. ఊర్లో ఉన్నదాంట్లో కంప్యూటరుకు దగ్గరగా ఉండేది పోస్టాఫీసు తూకపు మిషను ఒక్కటే.

అది రెండువేల నాలుగు, జూన్ నెల. మూడేళ్ళుగా వాన లేదు. మిల్లుకు కాయ చళ్ళకెర నుంచి లారీల్లో వస్తోంది.

ఆఫీసు గదిలో ఒకటే బల్ల. బల్లకు ఒకవైపు కంప్యూటరూ హేమావతీ. ఎదురుగా, మూర దూరంలో, జీతాల రిజిస్టరూ గుమాస్తా తిప్పయ్యా. తిప్పయ్య ఇరవై ఆరేళ్ళుగా ఆ రిజిస్టరు రాస్తున్నాడు. కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు. కోపమని కొందరు, పంటి నొప్పని కొందరు. హేమావతికి ఆయన్ని నోరు తెరిచి అడిగే ధైర్యం లేదు. రెండో రోజు ఒక చీటీ మీద ప్రశ్న రాసి, బల్ల మీద మెల్లగా తోసింది. ఆయన చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, దాని వెనకే జవాబు రాసి ఇటు తోశాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య పోస్టు బాగా నడిచింది.

ప్రశ్నలు ఎందుకంటే, ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక మొండిపట్టు ఉంది. జీతంలోని ప్రతి ముక్కకూ ఒక పేరు పెట్టి, అది ఏ గ్రూపులోకి వస్తుందో చెప్పాలి. చెప్పకపోతే టంగుమంటుంది, ముందుకు పోనివ్వదు. చెబితే మాత్రం మేలు. గ్రూపుకు ఒకసారి లెక్క నేర్పిస్తే చాలు, అందులో వేసిన ముక్కలన్నిటికీ ఆ లెక్కే పట్టుకుంటుంది. హేమావతి నోటుబుక్కులో నాలుగు గ్రూపులు రాసుకుంది. వచ్చిన దినాలను బట్టి ఇచ్చేవి ఒకటి. దినాలతో పనిలేకుండా అందరికీ ఇచ్చేవి ఒకటి. నెలంతా నాగా లేకుండా వస్తేనే ఇచ్చేవి ఒకటి. జీతంలో కోసేవి ఒకటి.

తిప్పయ్య రిజిస్టరులో గ్రూపులు లేవు. పంతొమ్మిది గళ్ళు ఉన్నాయి. ఏ గడి ఎందుకో ఆయనకు తెలుసు, ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

“సార్, బెల్లం అని ఒక గడి ఉంది. దేనికి?” అని రాసింది హేమావతి.

“దుమ్ముకు,” అని వచ్చింది జవాబు.

ఆ పిల్ల కాసేపు తల గోక్కుని ఇంకో చీటీ తోసింది. “దుమ్ముకూ బెల్లానికీ ఏమి సార్?”

“పొట్టు దుమ్ము గొంతులో పేరుకుంటుంది. బెల్లం తింటే దిగుతుంది. మనిషికి నెలకు అరకేజీ ధర.”

“దానికి పీఎఫ్ పడుతుందా సార్?”

“బెల్లానికి చీమలు పడతాయి. పీఎఫ్ పడదు.”

హేమావతికి నవ్వొచ్చింది. నవ్వితే ఆయనేమనుకుంటాడోనని మానిటరు వెనక దాక్కుని నవ్వింది. బెల్లాన్ని ‘అందరికీ ఇచ్చేవి’లో వేసింది. చెప్పుల దుడ్లూ అక్కడే. మూట కూలి, రాత్రి షిఫ్టు టీ దినాల గ్రూపులోకి పోయాయి. నెలంతా వచ్చినవాళ్ళకు అరవై రూపాయల హాజరు దుడ్లు. అవి మూడో గ్రూపు. పీఎఫ్, పండగ అడ్వాన్సు కోతల్లో. ఒక్కో గడీ ఒక్కో గ్రూపులోకి పోయి కూర్చుంటుంటే, గొర్రెల్ని సాయంత్రం దొడ్లోకి తోలి లెక్కపెట్టుకున్నట్టు హాయిగా ఉంది.

పద్దెనిమిదో చీటీ వెనక తిప్పయ్య ఇట్లా రాశాడు. “కండ్లు మండుతున్నాయి. ఇంక చీటీలు పంపవద్దు.”

ఒక్క గడి మిగిలిపోయింది. గడి మీద ‘పదును’ అని ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో ‘నూటయాభై మించకూడదు’ అని ఉంది. పదును అంటే హేమావతికి తెలియకపోవడమేమీ లేదు. వాన పడి భూమి విత్తడానికి వీలుగా తడిస్తే పదునైందంటారు, పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కానీ జీతాల రిజిస్టరులో పదునుకేం పని? ఆ పిల్ల మూడేళ్ళ రిజిస్టర్లు తిప్పి చూసింది. ఒక్క నెలలో, ఒక్క మనిషి పేరుకెదురుగా కూడా ఆ గడిలో అంకె లేదు. అడుగుదామంటే చీటీలు బందు. నోటితో అడగడమా, ప్రాణం పోయినా కాదు. గడిని మళ్ళీ చూసింది. హాజరు దుడ్ల గడీ, పదును గడీ పక్కపక్కనే ఉన్నాయి. రెండింటినీ కలిపి తిప్పయ్య చుట్టూ ఎర్ర సిరాతో డబ్బా గీశాడు. ఒకే డబ్బాలో ఉన్నాయంటే ఒకే జాతి కదా అనుకుంది. పదును, నూటయాభై, మూడో గ్రూపు. నాగా లేకుండా వస్తేనే ఇచ్చేవి.

సాఫ్ట్‌వేర్ టంగుమనలేదు. అదే తప్పయింది.

జూన్ పదిహేడున, గురువారం మధ్యాహ్నం, వాన వచ్చింది.

ముందు మిల్లు రేకుల మీద నాలుగు చినుకులు టపటపలాడాయి. లోపల కాయలు కొట్టే మిషను దగ్గరున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడే మిల్లంతా డోలు మీద దెబ్బలు పడ్డట్టు మోగింది. ఆడవాళ్ళలో పెద్ద గొంతున్న సుంకమ్మ చేతిలోని చాట కిందపెట్టి, కొంగు నడుముకు దోపి, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా గేటు దాటింది. ఆమె వెనక ఇంకొకరు. ఆమె వెనక పదిమంది. యశోదమ్మ కూడా జీపు తీయించి తన చేలకు పోయింది. తిప్పయ్య లేచి, రిజిస్టరును సొరుగులో పెట్టి తాళం వేసి, కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, రెడ్డిపల్లిలో తనకున్న మూడెకరాల వైపు పరుగులాంటి నడకతో పోయాడు. ఇరవై ఆరేళ్ళ గుమాస్తా పంచె ఎగగట్టి బురదలో గంతులు వేయడం హేమావతి కిటికీలోంచి చూసింది.

మరునాడు మిల్లులో తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళలో వాచ్‌మన్ ఎర్రిస్వామి ఒకడు. అతనికి చేను లేదు, చేనున్న చుట్టాలూ లేరు. గేటు దగ్గర ఇనుప కుర్చీలో కూర్చుని ఆకాశం వైపు చూసి ఆవలించాడు.

ఆరు రోజులు అట్లాగే నడిచింది. హేమావతి ప్రతి ఉదయం యాభై మూడు పేర్ల ఎదురుగా గైర్హాజరు అని కొట్టింది. కొడుతున్నప్పుడల్లా అయ్యో అనిపించింది. ఆ పొద్దు కుందుర్పిలో వాళ్ళ నాయన కూడా విత్తే గొర్రు కట్టి ఉంటాడు. తన చేను తాను విత్తుకోవడానికి పోయినవాళ్ళకు కూలి పోవడం లోకంలో ఉన్నదే, ఏం చేస్తాం అనుకుంది. విత్తుకున్నందుకు ఎవరైనా తిరిగి కూలి కూడా ఇస్తారని ఆ పిల్లకు కలలో కూడా రాలేదు.

జులై ఏడున జీతాలు. తిప్పయ్య తిరిగొచ్చి బల్ల అవతల కూర్చున్నాడు. గోళ్ళలో ఎర్రమట్టి ఇంకా ఉంది. ప్రింటరు కీచు కీచుమని అరవై రెండు చీటీలు కక్కింది. హేమావతి వాటిని చించి, దుడ్లు లెక్కపెట్టి, కవర్లలో పెట్టి, కిటికీ తెరిచింది. బయట వరస. వరసలో మొదట ఎప్పుడూ ఎర్రిస్వామే. గేటు దగ్గరుంటాడు కాబట్టి అందరికంటే ముందు వస్తాడు.

కవరు విప్పి లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

“ఏం పాపా, దుడ్లు శానా ఉండాయే?”

“పదునన్నా,” అంది హేమావతి వినీ వినపడకుండా. “నూటయాభై.”

“పదునా? నాకా?”

“మీకు నాగా లేదు కదా.”

ఎర్రిస్వామి ఆ పిల్లనూ, కంప్యూటరునూ మార్చి మార్చి చూశాడు. “నీ నోట్లో చక్కెర పొయ్య! ఈ మిషన్ను ఎవురు కనిపెట్టినారో గాని ధర్మాత్ముడు,” అని చెప్పి, ఎవరైనా వెనక్కి పిలుస్తారేమో అన్నట్టు గబగబా రోడ్డు మీదికి పోయాడు.

తర్వాత సుంకమ్మ. ఆమె చీటీ చదవలేదు, ఆమెకు చదువు రాదు. నోట్లను బొటనవేలితో ఒకసారి తడిమింది, అంతే.

“ఇదేమి పాపా? నా పదునేదీ?”

“మీకు... మీకు ఆరు దినాలు నాగా అక్కా.”

“నాగా కాకుండా పదునెట్ల వస్తాది? మిల్లులో కూచొని చేను విత్తే ఉపాయం నీ పెట్టెలో ఉండాదా? నా హాజరు దుడ్లేవీ?”

“అవీ... నాగా...”

“ఏమ్మే, ఇటు రాండి!” అని సుంకమ్మ వెనక్కి తిరిగింది. “ఎర్రిసామి ఏంటికట్ల లగెత్తినాడో ఇప్పుడు తెలిసింది. వానికి పదునంట! ఆరు దినాలు బురదలో నడుములు ఇరగ్గొట్టుకున్నోళ్ళకు సున్న, గేటుకాడ కుర్చీలో కునుకు తీసినోనికి నూటయాభై! వాని చేను యాడుండాది? కుర్చీ కింద విత్తినాడా?”

వరస అంతా కిటికీ మీదికి వచ్చింది. యాభై మంది ఒకేసారి అరిస్తే ఎట్లా ఉంటుందో హేమావతికి అంతవరకు తెలియదు. వాన కంటే గట్టిగా ఉంది. ఒక్కరు అరిస్తేనే బస్సు. ఇంతమంది అరిస్తే కుందుర్పి దాకా నడిచి పొమ్మంటారేమో.

అప్పుడు బల్ల అవతలి నుంచి ఒక చీటీ వచ్చింది. తిప్పయ్య తానుగా పంపిన మొదటి చీటీ అది.

“నా హాజరు దుడ్లు సున్న. ఇరవై ఆరు సంవత్సరములలో ఇది మొదటిసారి. కారణం తెలుపవలెను.”

హేమావతి పెన్ను పట్టుకుంది. పెన్ను రాయలేదు. “సార్,” అంది. నోటితోనే అంది, వేరే దారి లేక. “పదునంటే ఏమి సార్?”

తిప్పయ్య కళ్ళద్దాలు తీశాడు. “ఇన్నాళ్ళకు అడిగినావు. ఎవురూ అడగలేదే అనుకుంటాండా,” అన్నాడు. చీటీలు బందు పెట్టింది ఆయనేనని ఆ పిల్ల గుర్తుచేయలేదు. “పదును కూలి. యశోదమ్మ మామగారు పెట్టిన పద్ధతి. వాన పడినప్పుడు జనం యాడాగుతారు? చేనికి పోతారు. పోవల్ల కూడా. వాళ్ళు విత్తితేనే కాయ వస్తాది, కాయ వస్తేనే మిల్లు తిరుగుతాది. అందుకని విత్తే దినాలకు అరకూలి, దినానికి ఇరవై ఐదు, ఆరు దినాలకు మించకుండా. ఆ దినాలు నాగా కిందికి రావు, హాజరు దుడ్లు పోవు. మూడేండ్లు వాన లేక ఆ గడిలో బూజు పట్టింది.”

“మరి... ఎర్ర డబ్బా?”

“రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి, జాగ్రత్తగా చూడు అని నాకు నేను గీసుకున్నది.”

హేమావతికి తప్పు ఎక్కడుందో తెలిసింది. రాకపోతే ఇచ్చేదాన్ని, వస్తేనే ఇచ్చేదాంట్లో వేసింది.

యశోదమ్మ వచ్చింది. ఆమె రాగానే అరుపు కాస్త తగ్గింది, తాళాల గుత్తి వినబడేంత. సుంకమ్మ చెప్పింది, తిప్పయ్య చెప్పాడు, మధ్యలో ఇంకో పదిమంది చెప్పారు. యశోదమ్మ వక్కపొడి నములుతూ అంతా విని, కంప్యూటర్ ముందుకు వంగింది.

“పదును కింద మొత్తం ఎంతయింది?”

“తొమ్మిది మందికి పదమూడు నూర్ల యాభై అమ్మా.”

“తిప్పయ్యా, పోయినసారి వాన పడినప్పుడు?”

“యేడు వేలు పైన. హాజరు దుడ్లు వేరే.”

యశోదమ్మ నమలడం ఆపింది. మొహం మీద కోపం ఉండాల్సిన చోట ఇంకేదో మెల్లగా వచ్చి కూర్చుంది. బల్ల అంచున తానూ కూర్చుంది.

“ఏమప్పా, యంత్రం లెక్క తప్పుతాదా?” అంది జనం వైపు తిరిగి. “ముప్పై ఐదు వేలు పోసినాను. కంపెనీ మనిషి తప్పు రాదని రాసిచ్చి పోయినాడు. ఇది నేను చెప్పిన మాట కాదు. నాకూ మీకూ ఏమన్నా పగా? యంత్రం చెప్పింది. నేనేం చేసేది?”

యంత్రంతో కొట్లాడటం ఎట్లాగో ఎవరికీ తెలియలేదు. సుంకమ్మ కూడా మానిటరు నుదుటి బొట్టు చూసి ఒక క్షణం తగ్గింది.

యశోదమ్మ హేమావతి చెవి దగ్గరికి వంగింది. “పాపా, నువ్వు ఊరికే తలూపు. అంతే నీ పని. ఉద్యోగం నీదే. పదహైదు కాదు, పద్దెనిమిది నూర్లు.” తర్వాత గట్టిగా, అందరికీ వినబడేట్టు, “ఏం పాపా, యంత్రం సరిగ్గానే చెప్పిందా?”

మిల్లు లోపల మిషను దడదడలాడుతోంది. బయట యాభై జతల కళ్ళు. తలూపడం హేమావతికి ఊపిరి తీసుకున్నంత సులువు. తల దానికదే కిందికి దిగడం మొదలుపెట్టింది. సగం దిగింది. అక్కడ ఆగింది. కిటికీ ఊచలు పట్టుకున్న సుంకమ్మ వేళ్ళు ఆ పిల్ల కళ్ళెదురుగా ఉన్నాయి. గొర్రు పట్టి విత్తిన చేతులకు బొబ్బలు వచ్చి, పగిలి, ఇంకా మానలేదు. ఆ చేతులకు సున్న వేసింది యంత్రం కాదని ఈ గదిలో ఒక్క మనిషికే తెలుసు.

“కాదమ్మా,” అంది. మిషను రొదలో ఎవరికీ వినపడలేదు. “ఏమంటివి?” అంది యశోదమ్మ. హేమావతి ఉన్న గొంతంతా కూడదీసుకుని అరిచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి మిషను ఆగిపోయింది.

“తప్పు నాది! యంత్రానికి పదును తెలీదు! నేను ఏ గుంపులోకి తోలితే అది ఆ గుంపులోకి పోయింది!”

ఆ నిశ్శబ్దంలో ఆ మాట మిల్లు గోడలకు తగిలి తిరిగొచ్చింది. రోడ్డు మీద పోతున్న సైకిలాయన బ్రేకు వేసి చూశాడు. హేమావతికి తన గొంతు అంత ఉందని తనకే తెలియదు.

మొదట నవ్వింది సుంకమ్మ. “అబ్బ, పాపకు నోరుండాదే!”

యశోదమ్మ నవ్వలేదు. ఏదో అనబోయింది. ఇంతలో బల్ల కింద యూపీఎస్సు కుయ్ కుయ్ మని మొదలుపెట్టింది. పదిహేను నిమిషాలకు మించి అది నిలవదు. హేమావతి ఇంకెవరి మొహమూ చూడలేదు. కుర్చీ లాక్కుని ఐదో గ్రూపు తెరిచింది. దానికి పేరు కావాలంది సాఫ్ట్‌వేర్. ‘రాకపోతే వచ్చేవి’ అని కొట్టింది. పదునును మూడో గ్రూపులోంచి తీసి అందులోకి తోలింది. విత్తిన దినాలు ఇంటూ ఇరవై ఐదు. ఆ దినాలు నాగా కిందికి రాకుండా వాటికి వేరే గుర్తు పెట్టింది.

“సార్, ఎవరెన్ని దినాలు విత్తినారో ఎట్లా తెలుస్తుంది?”

“అడిగితే తెలుస్తాది,” అని తిప్పయ్య లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అనంతపురం వాన సంగతి తెలిసిందే. ఒక ఊర్లో కుండపోతగా పడుతుంది, పక్క ఊర్లో దుమ్ము లేస్తుంది. ఊరూరికీ విచారణ జరగాలి. “రెడ్డిపల్లి?”

“ఆరు దినాలు!” అన్నారు పదిమంది.

“నాకు తెలుసు, నేనూ ఆడే ఉన్నా. ఆరు. సిద్దరాంపురం?”

“నాలుగు సార్. అయిదో దినానికి ఆరిపోయింది.”

“వడియంపేట?”

వెనక నుంచి ఆంజినమ్మ చెయ్యెత్తింది. “ఆరు సార్. జానెడు లోతు దిగింది పదును.”

“వడియంపేటలో ఆ వారం చినుకు పడలేదే?” అంది సుంకమ్మ. “మా ఆడబిడ్డ ఆడనే ఉండాది.”

“ఊర్లో పడలేదక్కా. మా చేను మీద పడింది. గట్టుకవతల మా మరిది చేను మీద పడలేదు. దేవుడు చూసి పోసినాడు.”

“ఎన్ని సాళ్ళు విత్తినావు?” అన్నాడు తిప్పయ్య.

ఆంజినమ్మ ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. విత్తినవాళ్ళెవరూ అంతసేపు ఆలోచించరు. “పెన్నహోబిలానికి పెండ్లికి పోయినా సార్,” అంది చివరికి. “అడిగి చూస్తే తప్పేముండాది?”

జనం గొల్లుమన్నారు. ఆంజినమ్మ కూడా నవ్వింది. హేమావతి సున్న కొట్టింది, కొడుతూ తానూ నవ్వింది, ఈసారి మానిటరు వెనక దాక్కోకుండా. ఆఖరి పేరు ఎక్కించి సేవ్ నొక్కేసరికి యూపీఎస్సు ఒక పొడుగాటి కూత కూసి చచ్చిపోయింది. అదృష్టం బాగుండి, నొక్కిన తర్వాతే చచ్చింది.

గంటకు కరెంటు వచ్చింది. ప్రింటరు మళ్ళీ కీచుమంది. యశోదమ్మ పదును మొత్తం చూసి, కిటికీ బయట కదలకుండా నిలబడ్డ జనాన్ని చూసి, ఇనప్పెట్టె తెరిచి దుడ్లు బల్ల మీద పెట్టింది. సుంకమ్మ బొటనవేలితో నోట్లు తడిమి, తలాడించి, పక్కకు జరిగింది. తిప్పయ్య తన అరవై రూపాయలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. సాయంత్రం అయిదయ్యేసరికి అరిచేవాళ్ళు ఒక్కరూ లేరు.

నాగా లేని తొమ్మిది మందిలో ఎనిమిది మందికి కవర్లు పాత లెక్కతో ఇంకా ఇవ్వనేలేదు కాబట్టి వాటిని మార్చడం సులువైంది. మిగిలింది ఎర్రిస్వామి. అతను అప్పుడే గేటు దగ్గరికి తిరిగొచ్చాడు. చేతిలో నల్లటి కొత్త గొడుగు.

“ఎర్రిసామన్నా, నూటయాభై వెనక్కి ఇవ్వాలి,” అంది హేమావతి.

“ఏంటికి?”

“మీకు పదును లేదు. తప్పు పడింది.”

“ఇచ్చినావు కదా!”

“ఇచ్చినాను. ఇవ్వకూడదు.”

“నేను గొడుగు కొన్నానే!” అని అరిచాడు ఎర్రిస్వామి. “పదును దుడ్లు కదా, వాన దుడ్లు కదా, గొడుగు కొనుక్కుంటే ధర్మంగా ఉంటాదని నూట ఇరవై పోసి కొన్నా! షాపోడు వెనక్కి తీసుకుంటాడా? అందరికీ చేనుండాది, నాకేముండాది? చేను లేనోడు మనిషి కాదా? ఏం యశోదమ్మా, ఇది న్యాయమా?” ఆ గొంతు తాడిపత్రి రోడ్డు అవతలి దాకా పోయింది.

మిల్లు అంతా యశోదమ్మ వైపు తిరిగింది. ఒక్కరంటే ఒక్కరు అరిచినా అని ఆమె పెట్టిన షరతు అందరికీ తెలుసు. ఆ ఒక్కడూ ఇప్పుడు, గొడుగు పట్టుకుని, స్పష్టంగా అరుస్తున్నాడు. హేమావతి బల్ల కింద నుంచి సంచీ తీసి అందులో టిఫిను డబ్బా, నోటుబుక్కు పెట్టుకోవడం మొదలుపెట్టింది. కుందుర్పికి ఆఖరి బస్సు ఆరున్నరకు.

యశోదమ్మ వక్కపొడి ఇంకో చిటికెడు నోట్లో వేసుకుంది. సుంకమ్మ కిటికీ దగ్గర నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆమె వెనక ఇంకా ఎవరూ ఇంటికి పోలేదు.

“వాడు వాచ్‌మను,” అంది యశోదమ్మ మెల్లగా, లెక్క చూసుకుంటున్నట్టు. “అరవడానికే కదా వానికి జీతమిస్తాండాము. వాని అరుపు గలాటా కిందికి రాదు. డ్యూటీ కిందికి వస్తాది.”

“అట్లాగే రాసుకుంటానమ్మా,” అన్నాడు తిప్పయ్య, నిజంగానే పెన్ను తీసి.

“ఆ నూటయాభై ఒక్కసారే కొయ్యొద్దు,” అంది యశోదమ్మ. “పేదోడు. నెలకు యాభై లెక్కన మూడు నెలలు కొయ్యి.”

“ఎవరు కొయ్యాలమ్మా?” అని అడిగింది హేమావతి, సంచీ పట్టుకునే.

“నువ్వు కాక నేను కోస్తానా? నాకా పెట్టె ముట్టుకుంటేనే భయం.” తాళాల గుత్తి ఝల్లుమనిపించుకుంటూ యశోదమ్మ బయటికి నడిచింది. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, “పదహైదు నూర్లే! పద్దెనిమిదన్నది తలూపినందుకు,” అంది.

హేమావతి సంచీలోంచి నోటుబుక్కు మళ్ళీ బయటికి తీసింది. ఎర్రిస్వామి పేరు రాసి, ఎదురుగా జులై, ఆగస్టు, సెప్టెంబరు అని మూడు గళ్ళు గీసింది. గీతలు వంకర పోయాయి. బయట ఎర్రిస్వామి ఇంకా అరుస్తూనే ఉన్నాడు.